కొలత ఎవరిది?

రెండు నెలలుగా ఇక్కడ ఏమీ రాయలేదు. ఈసారి కారణం బద్ధకం కాదు. తాతయ్య పాత కంప్యూటర్‌ని బతికించే పనిలో పడ్డాను. ఈ పోస్టు దాని గురించే.

ముందే చెబుతున్నాను, కంప్యూటర్ మాటలు చాలా వస్తాయి. కమాండ్లు కూడా తెలుగు అక్షరాల్లోనే రాశాను. అర్థం కాకపోతే పైకి చదవండి, చెవికి తెలుస్తుంది. నేను తెలుగు నేర్చుకున్నది కూడా అలాగే. ముందు చెవి, తర్వాత కన్ను.

2009లో అమ్మ ఇండియా వెళ్ళినప్పుడు అమ్మమ్మకి ఒక నెట్‌బుక్ తీసుకెళ్ళింది. నెట్‌బుక్ అంటే అప్పట్లో వచ్చిన చిన్న లాప్‌టాప్. లోపల ఇంటెల్ ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, ఒక జీబీ మెమరీ. అమ్మమ్మ తెనాలిలో తెలుగు టీచర్‌గా చేసి రిటైరైంది. తాతయ్యకి అక్కడే టైలర్ కొట్టు ఉండేది. అమ్మమ్మ పట్టుబట్టి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుంది. ప్రతి మీట మీదా తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక తాతయ్య చెప్పేవాడు, అమ్మమ్మ టైప్ చేసేది. కొట్టు ఎలా పెట్టాడు, మొదటి కుట్టు మిషన్ అప్పు చేసి ఎలా కొన్నాడు, పెళ్ళిళ్ళ రోజుల్లో తెల్లవార్లూ ఎలా కుట్టేవాడు, ఇలాంటివన్నీ. ఆ ఫైలు పేరు ‘మన కథ’.

మూడేళ్ళ క్రితం అమ్మమ్మ పోయింది. తాతయ్య డల్లాస్ దగ్గర మా అమ్మావాళ్ళింటికి వచ్చేశాడు. నెట్‌బుక్‌ని చేతిసంచిలో పెట్టుకుని తెచ్చుకున్నాడు. ఇక్కడికొచ్చాక తనే టైప్ చేయడం మొదలుపెట్టాడు. ఒక్క వేలితో, స్టిక్కర్లు చూసుకుంటూ. రోజుకి నాలుగు వాక్యాలు. ఒక్కోరోజు రెండే.

ఈ వేసవిలో ఆ నెట్‌బుక్ డిస్కు టకటకమని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. నేను పరిగెత్తుకెళ్ళి ముందు ‘మన కథ’ కాపీ చేసుకున్నాను. వారం తర్వాత డిస్కు పూర్తిగా పోయింది.

నేను ఒక కొత్త లాప్‌టాప్ కొనిచ్చాను. రెండు రోజులు వాడాడు. మూడో రోజు మూసి నా చేతికిచ్చాడు. “బాగుంది అమ్మడూ. నువ్వే వాడుకో” అన్నాడు. దీనికి కూడా స్టిక్కర్లు తెప్పించి అంటిస్తానన్నాను. తల అడ్డంగా ఊపాడు. పాత నెట్‌బుక్ తెరిచి డి మీట చూపించాడు. దాని మీది స్టిక్కర్ అరిగిపోయి తెల్లగా ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో ఒత్తు ఇవ్వాలంటే ఆ మీటే నొక్కాలి. తెలుగులో ఎన్ని ఒత్తులుంటాయో మీకు తెలుసు కదా. “ఇక్కడ అక్షరం కనపడకపోయినా వేలు దానంతటదే పోతుంది. ఆ కొత్తదాంట్లో వెతుక్కోవాలి” అన్నాడు. కాసేపాగి, “అయినా ఇవి మీ అమ్మమ్మ అంటించినవి” అన్నాడు. ఇక నేనేం మాట్లాడలేదు.

డిస్కు మార్చడం తేలిక. ఒక స్క్రూడ్రైవర్ చాలు. కానీ కొత్త డిస్కులో ఏం పెట్టాలి? పాతదాంట్లో విండోస్ ఎక్స్‌పీ ఉండేది. దానికి 2014 ఏప్రిల్‌లోనే సపోర్టు ఆగిపోయింది. లినక్స్ వేద్దామంటే ఇంకో చిక్కు. ఎన్270 ప్రాసెసర్ 32 బిట్లది. ఇప్పటి కంప్యూటర్లన్నీ 64 బిట్లవి. అందుకని లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు ఒక్కొక్కటే 32 బిట్లని వదిలేస్తూ వచ్చాయి. ఆర్చ్ 2017లో వదిలేసింది. ఉబుంటు, ఫెడోరా 2019లో వదిలేశాయి. డెబియన్ చాలాకాలం ఆగింది. అది కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షన్‌లో 32 బిట్ల పాత మెషిన్లకి ఇన్‌స్టాలర్ ఇవ్వలేదు.

నిజం చెప్పాలి. డెబియన్ 12 వేస్తే ఒక్క సాయంత్రంలో పనయిపోయేది. నాకు తెలుసు. కానీ చాలా ఏళ్ళుగా ‘లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్’ చేయాలని నాకు కోరిక. ఇది జెరార్డ్ బీక్‌మన్స్ 1999లో మొదలుపెట్టిన పుస్తకం. తయారైన సిస్టమ్ ఏదీ ఇవ్వదు. సోర్స్ కోడ్ ఎక్కడ దొరుకుతుందో, ఏ వరసలో కంపైల్ చేయాలో చెబుతుంది. 80కి పైగా ప్యాకేజీలు. అన్నీ మన చేత్తో కట్టుకోవాలి. తాతయ్య కంప్యూటర్‌కి నా చేత్తో నేనే సిస్టమ్ కట్టాలనిపించింది. కొంచెం ప్రేమ, కొంచెం గొప్ప.

తాతయ్యతో, “నీ కోసం ఒక సిస్టమ్ నిర్మిస్తున్నాను” అన్నాను. ‘నిర్మించడం’ నేను డిక్షనరీలో చూసి నేర్చుకున్న మాట. తాతయ్య నవ్వాడు. “ఏం, గుడా? వంతెనా?” అన్నాడు. అందుకని ఈ పోస్టులో ‘కట్టడం’ అనే రాస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయం. సోర్స్ కోడ్ అంటే మనుషులు రాసిన ప్రోగ్రామ్. కంపైలర్ దాన్ని ప్రాసెసర్‌కి అర్థమయ్యే ఇన్‌స్ట్రక్షన్లుగా మారుస్తుంది. సోర్స్ ఒకటే, కానీ ప్రాసెసర్లు రకరకాలు. ఒక రకానికి తయారైన ప్రోగ్రామ్ ఇంకో రకం మీద నడవదు. 32 బిట్ల ఇంటెల్ రకానికి ఐ686 అని పేరు, 64 బిట్ల రకానికి ఎక్స్86_64 అని పేరు. ఈ రెండూ దగ్గర చుట్టాలే. 64 బిట్ల ప్రాసెసర్ 32 బిట్ల ప్రోగ్రాముల్ని నడపగలదు. 32 బిట్ల ప్రాసెసర్‌కి మాత్రం 64 బిట్లవి అసలు అర్థం కావు. పెద్దవాళ్ళకి పిల్లల మాటలు అర్థమవుతాయి, పిల్లలకి పెద్దవాళ్ళ మాటలు అర్థం కావు. అలాంటిదన్నమాట.

నెట్‌బుక్ మీదే కంపైల్ చేస్తే ఈ గొడవ ఉండదు. కానీ ఒక జీబీ మెమరీతో, ఆ నెమ్మది ప్రాసెసర్‌తో కంపైలర్‌ని కట్టడానికే రోజులు పడుతుంది. అందుకని నా లాప్‌టాప్ మీద కట్టి, కొత్త డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కుని నెట్‌బుక్‌లో పెడదామనుకున్నాను. నాది 64 బిట్ల మెషిన్. కట్టేది ఒక చోట, నడిచేది ఇంకో చోట. నా కష్టాలన్నీ ఈ ఒక్క వాక్యంలో ఉన్నాయి.

మొదటిసారి నేను చేసిన తప్పు చెబితే మీరు నవ్వుతారు. పుస్తకంలో మొదట్లోనే ఒక పేరు పెట్టుకోమంటారు. మనం కట్టే సిస్టమ్ ఏ రకం ప్రాసెసర్‌కో చెప్పే పేరు. ఆ పేరులో మొదటి ముక్కని ‘యునేమ్ మైనస్ ఎమ్’ అనే కమాండ్ నింపుతుంది. నేను చూసుకోకుండా ఉన్నదున్నట్టు టైప్ చేశాను. ఆ కమాండ్ ఏం చేస్తుంది? నడుస్తున్న కెర్నల్‌ని ‘నువ్వేం మెషిన్‌వి?’ అని అడుగుతుంది. నడుస్తున్నది నా లాప్‌టాప్. అది నిజాయితీగా ఎక్స్86_64 అని చెప్పింది. దాంతో శని, ఆది రెండు రోజులూ కూర్చుని, ప్యాకేజీలన్నీ 64 బిట్లకి కట్టాను.

డిస్కు నెట్‌బుక్‌లో పెట్టి ఆన్ చేశాను. నల్లటి తెర మీద రెండు లైన్లు వచ్చాయి. ఈ కెర్నల్‌కి ఎక్స్86_64 ప్రాసెసర్ కావాలి, ఇక్కడ నాకు కనపడింది ఐ686 మాత్రమే, నీ ప్రాసెసర్‌కి తగిన కెర్నల్ పెట్టుకో, అని దాని సారాంశం. ఇంత మర్యాదగా తిట్టే ఎర్రర్ నేనెప్పుడూ చూడలేదు. తాతయ్య పక్కనే ఉన్నాడు. “ఏమంటోంది?” అన్నాడు. “ఇల్లు మారిపోయిందంటోంది” అన్నాను.

రెండోసారి జాగ్రత్తపడ్డాను. ఆ పేరుని చేత్తోనే రాశాను: ఐ686-ఎల్‌ఎఫ్‌ఎస్-లినక్స్-గ్నూ. మొదటి ముక్క ప్రాసెసర్ రకం. మధ్యలో ‘ఎల్‌ఎఫ్‌ఎస్’ అన్నది ఊరికే పెట్టింది కాదు. ఆ ముక్క తేడాగా ఉంటే, కట్టే సిస్టమ్ వేరు, ఉన్న సిస్టమ్ వేరు అని కాన్ఫిగర్ స్క్రిప్టులకి తెలుస్తుంది. అప్పుడు అవి క్రాస్ కంపైల్ పద్ధతిలోకి వెళ్తాయి. అంటే, ఇక్కడ కట్టి ఇంకో చోటికి పంపే పద్ధతి.

ఇక్కడ మూడు మాటలు నేర్చుకోవాలి: బిల్డ్, హోస్ట్, టార్గెట్. కట్టే పని జరిగే మెషిన్ బిల్డ్. కట్టిన ప్రోగ్రామ్ నడవాల్సిన మెషిన్ హోస్ట్. ఆ ప్రోగ్రామ్ కంపైలరే అయితే, అది ఎవరి కోసం కోడ్ తయారుచేస్తుందో ఆ మెషిన్ టార్గెట్. నన్ను ఎక్కువ తికమక పెట్టింది హోస్ట్. మామూలు మాటల్లో హోస్ట్ అంటే ఇంటివాళ్ళు కదా, అంటే నా లాప్‌టాప్ అనుకున్నాను. కాదు. ఇక్కడ హోస్ట్ అంటే ప్రోగ్రామ్ చివరికి ఉండబోయే ఇల్లు. పెట్టిపుట్టిన ఊరు కాదు, కాపురం చేసే ఊరు.

పుస్తకంలో చాలాచోట్ల ఎక్స్86_64 అయితే ఇది చేయి, ఐ686 అయితే అది చేయి అని రెండు దారులుంటాయి. ఉదాహరణకి 64 బిట్లకి ‘లిబ్64’ అనే ఫోల్డర్ అలవాటు. పుస్తకం ఆ అలవాటు మాన్పించి లైబ్రరీలన్నీ ‘లిబ్’లోనే పెట్టిస్తుంది. అందుకని జీసీసీ సోర్స్‌లో ఒక ఫైలులో ‘లిబ్64’ అన్న మాటని ‘లిబ్’ అని మార్పిస్తుంది. 32 బిట్లకి ఆ మార్పు అక్కర్లేదు. ఈ దారులన్నీ మళ్ళీ ఆ యునేమ్‌నే అడుగుతాయి. అందుకని అలాంటి చోటల్లా ఆగి, ఏ దారి నాదో చూసుకుని చేత్తో టైప్ చేశాను. కాపీ పేస్ట్ మానేశాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను, మొదట్లో తెలుగు చదివినట్టు.

సగం దారిలో క్రూట్ వస్తుంది. అంటే, అప్పటిదాకా కట్టిన చిన్న సిస్టమ్ లోపలికి వెళ్ళి, మిగతాదంతా అక్కడినుంచే కట్టడం. నా 64 బిట్ల కెర్నల్ 32 బిట్ల ప్రోగ్రాముల్ని నడపగలదు కాబట్టి ఇబ్బంది లేకుండా వెళ్ళాను. ఒక ప్యాకేజీ దగ్గర ఆగిపోయింది. 64 బిట్లకి కంపైల్ చేయమని కంపైలర్‌ని అడిగింది. ఆ పద్ధతి నాలో లేదు, క్షమించాలి, అని కంపైలర్ జవాబిచ్చింది. ఎందుకలా? క్రూట్‌లో ప్రోగ్రాములన్నీ 32 బిట్లవే అయినా, కింద నడుస్తున్న కెర్నల్ నాదే. యునేమ్ అడిగేది కెర్నల్‌ని. అది మళ్ళీ ఎక్స్86_64 అనే చెప్పింది.

దీనికి ‘లినక్స్32’ అనే చిన్న కమాండ్ ఉంది. దాని వెనకాల ఏ ప్రోగ్రామ్ నడిపినా, యునేమ్ ఐ686 అని చెబుతుంది. క్రూట్‌లోకి వెళ్ళేటప్పుడే దాన్ని ముందు తగిలించాను. మిగతా ప్యాకేజీలన్నీ సాఫీగా వెళ్ళాయి. టెస్టులు నడపమన్న చోటల్లా నడిపాను. ముఖ్యంగా జీఎమ్‌పీ టెస్టులు అన్నీ పాసయ్యాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. కెర్నల్‌కి కూడా ఆర్క్ ఈజ్ ఈక్వల్ టు ఐ386 అని చెప్పి, ప్రాసెసర్ కుటుంబం దగ్గర ఆటమ్ ఎంచుకున్నాను.

డిస్కు మళ్ళీ నెట్‌బుక్‌లో పెట్టాను. ఈసారి బూట్ అయింది. లాగిన్ వచ్చింది. నేను గంతులేశాను. తాతయ్య చప్పట్లు కొట్టాడు. కొత్త సిస్టమ్ మీద మొదట ఒక చిన్న ప్రోగ్రామ్ కంపైల్ చేసి చూడటం నా అలవాటు. హలో అని చెప్పే నాలుగు లైన్ల ప్రోగ్రామ్. జీసీసీ అని టైప్ చేసి ఎంటర్ నొక్కాను.

ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్, అంది.

తాతయ్య ఇంగ్లిష్ నెమ్మదిగా కూడబలుక్కుని చదువుతాడు. “ఇల్లీగలా? పోలీసులొస్తారా?” అన్నాడు. నాకు నవ్వు రాలేదు. కంపైలర్ పనిచేయకపోతే, ఆ మెషిన్ మీద రేపు ఏదీ కట్టుకోలేం. పైగా ఇంకా ఎక్కడెక్కడ ఇలాంటి గుంటలున్నాయో తెలియదు. ‘మన కథ’ రాసుకుంటుండగా ఎడిటర్ ఇలాగే పడిపోతే?

కెర్నల్ మెసేజీలు చూశాను. కంపైలర్ పడిపోయిన చోటు అందులో రాసి ఉంది: లిబ్‌జీఎమ్‌పీ. జీఎమ్‌పీ అంటే చాలా పెద్ద పెద్ద అంకెలతో లెక్కలు చేసే లైబ్రరీ. జీసీసీ తన లోపలి లెక్కలకి దాన్నే వాడుతుంది. కానీ దాని టెస్టులన్నీ పాసయ్యాయి కదా! పాసైన లైబ్రరీ ఇక్కడ ఎందుకు పడిపోయింది? ఫైలు చూస్తే 32 బిట్లదే. తప్పు రకం కాదు. రాత్రి పదకొండు దాకా కూర్చున్నా తెలియలేదు.

తాతయ్య పాలు తాగుతూ అడిగాడు, “అసలు నువ్వు చేసిందేంటో నాకు చెప్పు. కంప్యూటర్ మాటల్లేకుండా చెప్పు.”

ఇది నాకు పరీక్ష. ఇంగ్లిష్‌లో అయితే గడగడా చెబుతాను. తెలుగులో ఆగి ఆగి చెప్పాను. నా మెషిన్ మీద కట్టాను, నీ మెషిన్‌లో పెట్టాను, నా దగ్గర పరీక్షలన్నీ పాసయ్యాయి, నీ దగ్గర పనిచేయట్లేదు.

తాతయ్య వెంటనే అన్నాడు, “కొలత ఎవరిది తీసుకున్నావు?”

“నీదే తాతయ్యా. 32 అని రాశాను.”

“రాశావు సరే. కొలత ఎవరి ఒంటి మీద తీశావు?”

నాకు అర్థం కాలేదు. అప్పుడు కొట్టు సంగతి ఒకటి చెప్పాడు. పక్క ఊరినుంచి ఒకమ్మాయి వచ్చిందట. వాళ్ళక్క పెళ్ళి, అక్కకి జాకెట్లు కుట్టాలి. ఆది జాకెట్టు తెచ్చింది. తాతయ్య దారాలు కొనడానికి బజారుకెళ్ళాడు. కొట్లో పని నేర్చుకునే కుర్రాడున్నాడు. ఆ కుర్రాడు ఆదిని పక్కన పడేసి, ఎదురుగా నిలబడ్డ చెల్లెలి కొలతలు రాసుకున్నాడు. బిల్లు మీద పేరు మాత్రం అక్కదే. వారం తర్వాత చెల్లెలు వచ్చింది. కొత్త జాకెట్టు కదా, మురిపెంగా వేసి చూసుకుంది. చక్కగా సరిపోయింది. అందరూ సంతోషం. ఇంటికెళ్ళి అక్క చెయ్యి దూర్చగానే కుట్టు పర్రున పిగిలిపోయింది.

“కొట్లో సరిపోయింది కదా అని వాడు ఒకటే వాదన. సరిపోకేం? కొలిచింది ఆ పిల్లనే, వేసి చూసింది ఆ పిల్లకే” అన్నాడు తాతయ్య.

నేను లాప్‌టాప్ దగ్గరికి పరిగెత్తాను. జీఎమ్‌పీ కాన్ఫిగర్ చేసినప్పటి లాగ్ తెరిచాను. అక్కడుంది. హోస్ట్ అన్న చోట నా లాప్‌టాప్ ప్రాసెసర్ తరం పేరు ఉంది. ఐ686 అని లేదు.

జరిగింది ఇది. జీఎమ్‌పీ వేగం కోసం ప్రాణం పెడుతుంది. అందుకని మామూలు కాన్ఫిగర్ స్క్రిప్టుల్లాగా కెర్నల్‌ని అడిగి ఊరుకోదు. సీపీయూఐడీ అనే ఇన్‌స్ట్రక్షన్‌తో నేరుగా ప్రాసెసర్‌నే అడుగుతుంది. లినక్స్32 కమాండ్ కెర్నల్ చెప్పే పేరుని మార్చగలదు, కానీ ప్రాసెసర్ నోరు మూయించలేదు. ప్రాసెసర్ తన గురించి తాను నిజమే చెప్పింది. జీఎమ్‌పీ ఆ ప్రాసెసర్‌కి అతికినట్టు సరిపోయేలా తయారైంది. 32 బిట్లకే, కానీ 2008 నాటి ఆటమ్‌కి తెలియని కొత్త ఇన్‌స్ట్రక్షన్లతో. టెస్టులు నడిపింది కూడా నా లాప్‌టాప్ మీదే కాబట్టి పాసవక ఏమవుతాయి? బిల్లు మీద అక్క పేరు, కొలతలు చెల్లెలివి.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటి. ఈ విషయం పుస్తకంలో ఉంది. జీఎమ్‌పీ పేజీలోనే, తక్కువ శక్తి ఉన్న ప్రాసెసర్లకి పనికొచ్చేలా కట్టాలంటే ఏం చేయాలో రాశారు. హోస్ట్ అన్న చోట ‘నన్-లినక్స్-గ్నూ’ అని ఇవ్వాలి. నన్ అంటే ఎవరూ కాదు. ఎవరి కొలతలూ తీయకు, అందరికీ సరిపోయేలా కుట్టు, అని చెప్పడం. లెక్కలు కొంచెం నెమ్మదిగా నడుస్తాయి, కానీ ఎక్కడైనా నడుస్తాయి. 32 బిట్లకి కడుతుంటే ‘ఏబీఐ ఈజ్ ఈక్వల్ టు 32’ అని ముందు పెట్టాల్సి రావచ్చని కూడా అక్కడే ఉంది. నేను రెండోది చదివి, మొదటిది నాకు కాదులే అనుకుని దాటేశాను. నాది కొత్త మెషిన్ కదా! చదివేటప్పుడు కూడా నా గురించే ఆలోచించానన్నమాట.

ఆ రాత్రే జీఎమ్‌పీ మళ్ళీ కట్టాను. దాని మీద ఆధారపడే ఎంపీఎఫ్‌ఆర్, ఎంపీసీ కూడా మళ్ళీ కట్టాను, ఎందుకంటే జీఎమ్‌పీ ఏ సెట్టింగులతో తయారైందో ఎంపీఎఫ్‌ఆర్ వాటినే తీసుకుంటుంది. తప్పు కొలత అలా పక్క బట్టలకి కూడా పాకుతుంది. తర్వాత టెస్టుల్ని నెట్‌బుక్ మీద నడిపాను. చాలాసేపు పట్టింది. తాతయ్య నిద్రపోయాడు. పొద్దున్నే లేచి చూస్తే తెర మీద అన్నీ పాస్.

తర్వాత రెండు వారాలు పట్టింది, ఎక్స్ విండోస్, తెలుగు ఫాంట్లు, ఒక చిన్న ఎడిటర్ పెట్టడానికి. తెలుగు అక్షరాలకి ఒత్తులు సరిగ్గా కింద కూర్చోవాలంటే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ కావాలి. దాన్ని కట్టేటప్పుడు కూడా ప్రతి లైను దగ్గరా అదే అడిగాను: కొలత ఎవరిది? ఇన్‌స్క్రిప్ట్ పెట్టడం మాత్రం తేలిక. కీబోర్డు ‘ఇన్’, అందులో రకం ‘టెల్’ అని చెబితే చాలు. లినక్స్‌లో అది ముందునుంచీ ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నెట్‌బుక్ తాతయ్య ముందు పెట్టాను. ‘మన కథ’ తెరిచాను. తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని, ఆఖరి పేజీ దాకా నెమ్మదిగా వెళ్ళాడు. వేలు పైకెత్తి కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత డి మీట వైపు చూడకుండానే దాన్ని నొక్కాడు. ఒత్తు కింద కూర్చుంది. “ఊఁ, ఇదీ” అన్నాడు. అంతే. ఇంకేం అనలేదు. ఆ రోజు ఏడు వాక్యాలు రాశాడు.

‘ఆది’ అన్న మాట నాకు ఆ రాత్రే తెలిసింది. ఆది అంటే మొదలు అని, ఆదివారంలో ఆది అని మాత్రమే తెలుసు. కొలత కోసం టైలర్‌కి ఇచ్చే పాత బట్టని కూడా ఆది అంటారు. నేను కట్టిన సిస్టమ్‌కి ఆది ఆ నెట్‌బుక్కే. అది మొదటినుంచీ నా బల్ల మీదే ఉంది. నేనే పక్కన పడేశాను.

ఇంకో విషయం కూడా ఆలోచించాను. ఇక్కడ మనందరం సొంతంగా తెలుగు నేర్చుకుంటున్నాం. నేను నా తెలుగుని ఎక్కువగా అమ్మ మీద పరీక్షిస్తాను. అమ్మకి నా ఇంగ్లిష్ తెలుసు కాబట్టి సగం తానే నింపుకుంటుంది. పాస్, పాస్, పాస్. అదే వాక్యం తాతయ్య దగ్గర ఆగిపోతుంది. మాట నా నోట్లో తయారైనా, పనిచేయాల్సింది వినేవాళ్ళ దగ్గర. ‘నిర్మిస్తున్నాను’ లాంటి మాటలు డిక్షనరీలో పాసవుతాయి. అందుకని ఈ మధ్య కొత్త వాక్యం నేర్చుకుంటే ముందు తాతయ్యకే చెబుతున్నాను. చాలాసార్లు పిగిలిపోతోంది. పర్లేదు, మళ్ళీ కుట్టుకుంటున్నాను.

మీలో ఎవరైనా పాత మెషిన్‌కి ఇలా కట్టాలనుకుంటే మూడు మాటలు. యునేమ్ ఉన్న ప్రతి లైను దగ్గరా ఆగండి. క్రూట్‌లోకి లినక్స్32తో వెళ్ళండి. జీఎమ్‌పీ దగ్గర పుస్తకంలోని చిన్న హెచ్చరికలు కూడా చదవండి, టెస్టులు నడవాల్సిన మెషిన్ మీదే నడపండి. లేదా హాయిగా డెబియన్ 12 వేసుకోండి, నేనేమీ అనుకోను.

ఈ పోస్టు తాతయ్యకి చదివి వినిపించాను. రెండు చోట్ల దిద్దాడు. ‘కుట్టు చిరిగిపోయింది’ అని రాశాను. బట్ట చిరుగుతుంది, కుట్టు పిగులుతుంది అన్నాడు. రెండోది ‘పెట్టిపుట్టిన ఊరు’. అలా అనరట, ‘పుట్టిన ఊరు’ అంటే చాలట. పెట్టిపుట్టడం అంటే అదృష్టం చేసుకుని పుట్టడమని చెప్పాడు. మొదటిది మార్చాను. రెండోది మాత్రం ఉంచేశాను, నా తప్పుకి గుర్తుగా. మీ ఇళ్ళల్లో కొలత బట్టని ఏమంటారు? ఆది అనేనా, వేరే మాట ఉందా? చెప్పండి. ఇంకా తప్పులుంటే దిద్దండి. మళ్ళీ కలుద్దాం.